చుక్క కింద కామా

భూగర్భ గనిలో భద్రత చూసే ఒక సర్దార్ షిఫ్టు దిగాక రెండు సంగతులు రాయాల్సి వచ్చిందనుకుందాం. తొమ్మిదింటికి ఫలానా లెవెల్‌లో కర్రతో తట్టి రూఫ్ చూశాడు. తొమ్మిది నలభైకి అక్కడే రూఫ్ కూలింది. ఆ సమయానికి కింద మనుషులెవరూ లేరు. రెండు సంగతులూ నిజం, రెండింటికీ అతనే సాక్షి. నోటితో చెప్పమంటే తెలుగులో గడగడా చెప్పేస్తాడు. రాయాల్సింది మాత్రం ఇంగ్లీషులో.

'ఐ టెస్టెడ్ ద రూఫ్ ఎట్ నైన్' అని రాసి చుక్క పెట్టి, ఆ తర్వాత 'ద రూఫ్ ఫెల్ ఎట్ నైన్ ఫార్టీ' అని రాస్తే రెండూ విడివిడి సంగతులైపోతాయి. ఒకటి డ్యూటీ లెక్కలోకి పోతుంది, ఇంకొకటి ప్రమాదం లెక్కలోకి పోతుంది. మధ్యలో 'బట్' వేస్తే అది సంజాయిషీ అవుతుంది: నేను చూశాను, అయినా కూలింది, నన్నేమీ అనకండి. 'అండ్' వేస్తే ఒకదాని తర్వాత ఒకటి జరిగిందని తెలుస్తుంది, రెండింటికీ పొత్తు ఉందో లేదో రాసినవాడికి పట్టనట్టు ఉంటుంది. 'బికాజ్' వేసే వీలే లేదు. ఎందుకు కూలిందో ఇంకా ఎవరూ తేల్చలేదు. అతను చూసింది చూసినట్టు చెప్పడానికి ఈ మాటల్లో ఏదీ సరిపోదు. సరిపోయే గుర్తు ఒకటి ఉంది. 'నైన్' తర్వాత సెమికోలన్ పెట్టి రెండో వాక్యం రాస్తే చాలు. ఈ రెంటినీ కలిపి చదవండి, వీటి మధ్య ఏముందో తేల్చే అధికారం నాకు లేదు, విడదీసి చదివితే మాత్రం జరిగింది మీకు తెలియదు అని ఆ గుర్తు చెబుతుంది.

గోదావరిఖనిలో సాయంత్రం పూట నేను ఇంగ్లీషు చెబుతాను. సర్దార్, ఓవర్‌మన్ సర్టిఫికెట్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు, డిగ్రీ పిల్లలు, మైనింగ్ డిప్లొమా చదివే ఆడపిల్లలు వస్తారు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినా కనురెప్పల అంచున సన్నటి నల్లగీత మిగిలే ఉంటుంది కొందరికి. వాళ్ల నోట్సులు దిద్దుతుంటే ఎక్కువగా కనిపించే తప్పు ఒకటే. రెండు నిండు వాక్యాల మధ్య కామా పెట్టి ముందుకు సాగిపోతారు. 'ద ఫ్యాన్ స్టాప్డ్, ద మెన్ కేమ్ అవుట్.' ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలు దీన్ని పెద్ద దోషంగా లెక్కగడతాయి. రాసినవాడికి వాక్యమంటే ఏమిటో తెలియదని పరీక్ష దిద్దేవాళ్లు అనుకుంటారు.

ఆ మాట నేను ఒప్పుకోను. వాక్యం అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు, తెలుగు వాక్యం తెలుసు. 'ఫ్యాన్ ఆగింది, మనుషులు బయటికొచ్చిన్రు' అనేది నిక్షేపమైన తెలుగు. మన భాషలో సమాపక క్రియ చివర వస్తుంది. 'ఆగింది' అని చెవిన పడగానే ఆ సంగతి పూర్తయిందని క్రియే చెప్పేస్తుంది. ఆ తర్వాత కామా పెట్టినా, చుక్క పెట్టినా, ఏమీ పెట్టకపోయినా వినేవాడు తికమకపడడు. మన సామెతలు చూడండి. ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. రెండేసి నిండు వాక్యాలు, మధ్యలో 'కానీ' లేదు, 'అందువల్ల' లేదు. ఉంటే సామెత చచ్చిపోయేది. వాటి మధ్య ఉన్న బంధం ఏమిటో వినేవాడే పట్టుకుంటాడు, పట్టుకున్నందుకే అది మనసులో నిలుస్తుంది. సెమికోలన్ చేసే పని ఇదే. తెలుగువాడికి ఆ పని కొత్త కాదు. ఆ గుర్తు ఒక్కటే కొత్త.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే మనిషి వరసగా చేసిన పనులైతే మనకు గుర్తులతో అవసరమే రాదు. 'సర్దార్ పోయి, రూఫ్ చూసి, మనుషులను వెనక్కి పంపి, మీదికొచ్చి చెప్పిండు' అంటాం. ఈ అసమాపక క్రియల గొలుసు ఎంత పొడుగైనా తెగదు. ఇంగ్లీషుకు ఆ సౌకర్యం తక్కువ. అక్కడ క్రియ వాక్యం నడిమధ్యలో వస్తుంది, దాని వెనక చోటు, సమయం, కారణం ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఎక్కడ ముగిసిందో క్రియ చెప్పదు. గుర్తే చెప్పాలి.

బోర్డు మీద నేను తరచుగా రాసే వాక్యం ఒకటుంది. 'ద ఫ్యాన్ స్టాప్డ్, ఎట్ టెన్, ద మెన్ కేమ్ అవుట్.' దీన్ని చదివి పదింటికి ఏం జరిగిందో చెప్పమంటాను. సగం మంది ఫ్యాన్ పదింటికి ఆగిందంటారు. మిగతా సగం మనుషులు పదింటికి బయటికొచ్చారంటారు. రెండు కామాల నడుమ 'పది' అటూ ఇటూ కాకుండా నిలబడి ఉంది. 'టెన్' తర్వాత సెమికోలన్ పెడితే పదింటికి ఆగింది ఫ్యాన్. 'స్టాప్డ్' తర్వాత పెడితే పదింటికి బయటికొచ్చింది మనుషులు. అప్పుడు ఫ్యాన్ ఎప్పుడు ఆగిందో వాక్యం చెప్పడం లేదు, వెంటనే అడగాలి. గాలి ఆగిన గనిలో మనుషులు ఎంతసేపు ఉన్నారన్నది మామూలు ప్రశ్న కాదు. గాలాడకపోతే మీథేన్ పేరుకుంటుంది, అది ఒకటింపావు శాతం చేరితే కరెంటు తీసేయాలని, మనుషులను బయటికి పంపాలని నిబంధన. క్లాసులో కూర్చున్నవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు, వాళ్లే నాకు చెప్పారు. 'ఎట్ టెన్' ఎటువైపు చేరాలన్నది వ్యాకరణం సంగతి కాదని వాళ్లకు ఆ క్షణంలో అర్థమైంది.

అప్పుడు నియమం చెబుతాను. సెమికోలన్‌కు అటూ ఇటూ ఉన్న రెండూ విడిగా నిలబడగల నిండు వాక్యాలు కావాలి. 'వెన్ ద ఫ్యాన్ స్టాప్డ్' అన్న ముక్క ఒంటరిగా నిలబడదు, దాని పక్కన సెమికోలన్ పెట్టకూడదు, కామాతో సరిపెట్టాలి. ఒకసారి ఇది చెబుతుంటే వెనక బెంచీలోంచి, బొగ్గు టబ్బులు లాగే హాలేజీలో పనిచేసే ఒకాయన అందుకున్నాడు. "గంతేకద సార్, రెండు టబ్బులకు దేని చక్రాలు దానికుంటెనే నడుమ కొక్కెం తగిలిస్తం. చక్రాల్లేని దాన్ని తగిలిస్తే ఈడ్సుకపోతది." నేను ఎన్నో పుస్తకాల్లో వెతికిన మాట అది. అప్పటి నుంచి నా క్లాసులో అదే పాఠం. రాసిన ముక్కకు చక్రాలున్నాయా అని పిల్లలు ఒకరినొకరు అడుగుతుంటారు.

'హౌఎవర్', 'దేర్‌ఫోర్' లాంటి మాటలతో రెండో వాక్యం మొదలైతే ముందు సెమికోలన్, వెనక కామా. 'అండ్', 'బట్' అయితే కామా చాలు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, నాలుగు వాక్యాలు రాస్తే చేతికి అలవాటవుతుంది.

చేతి అలవాటంటే గుర్తొచ్చింది. కంప్యూటర్లు రాకముందు మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ లేని వీధి ఉండేది కాదు. లోయర్, హయ్యర్ పాసైతే క్లర్కు ఉద్యోగమన్న ఆశతో ఒక తరం మొత్తం ఆ రేకుల షెడ్లలో కూర్చుంది. మొదటి పాఠం అందరికీ ఒకటే: ఎడమచేత్తో ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్, కుడిచేత్తో సెమికోలన్ ఎల్ కే జే హెచ్ జే. కుడిచేతి చిటికెన వేలు కింద ఉండే మీట అదే. పేజీలకు పేజీలు ఆ గుర్తు కొట్టారు మనవాళ్లు. దానితో ఒక వాక్యం ఎలా కట్టాలో చెప్పిన మాస్టారు అరుదు. ఆ వేలికి దక్కిన చదువు ఆ మనిషికి దక్కలేదని ఇప్పటికీ నాకు బాధ. ఆ షెడ్లలో కూర్చున్నవాళ్లు తెలివితక్కువ వాళ్లు కారు. ఆ చదువు దక్కి ఉంటే అర్జీ రాయడానికి ఇంకొకరి దగ్గరికి పోవాల్సిన అవసరం వాళ్లకు రాకుండా ఉండేది.

సెమికోలన్‌కు రెండో పని ఉంది. జాబితాలో ఒక్కో అంశంలోపల మళ్లీ కామాలుంటే, అంశానికీ అంశానికీ మధ్య కామా సరిపోదు. దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. రాజ్యాంగ పీఠిక ఇంగ్లీషు పాఠం తీయండి. బడి పిల్లల పుస్తకాల్లో అచ్చవుతుంది, ఆఫీసు గోడల మీద వేలాడుతుంది. 'జస్టిస్' అని పెద్దక్షరాల్లో రాసి, కామా పెట్టి, సోషల్, ఎకనమిక్ అండ్ పొలిటికల్ అన్నారు. అక్కడ సెమికోలన్. తర్వాత 'లిబర్టీ': ఆలోచన, భావప్రకటన, విశ్వాసం, ధర్మం, ఆరాధన అన్నీ కామాలతో. మళ్లీ సెమికోలన్. తర్వాత 'ఈక్వాలిటీ', హోదాలోనూ అవకాశంలోనూ. మళ్లీ సెమికోలన్, ఆపైన 'అండ్', ఆ తర్వాత 'ఫ్రెటర్నిటీ'. ఆ సెమికోలన్లు తీసేసి అన్నిచోట్లా కామాలు పెట్టి చదవమంటాను పిల్లలను. సాంఘిక, ఆర్థిక, రాజకీయ అన్న మూడూ దేనికి చెందినవో, ఎక్కడ న్యాయం ముగిసి ఎక్కడ స్వేచ్ఛ మొదలైందో పట్టు దొరకదు. ఏ విలువ హద్దు దానికి గీసింది ఆ గుర్తు.

హద్దు గీసింది కానీ వాక్యాన్ని ముగించలేదు. పీఠిక అంతా ఒకే వాక్యం. 'వియ్ ద పీపుల్ ఆఫ్ ఇండియా' అని మొదలైన వాక్యం చివర 'టు అవర్‌సెల్వ్స్ దిస్ కాన్‌స్టిట్యూషన్' దాకా ఎక్కడా చుక్క పడదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేడ్కర్ ఒక హెచ్చరిక చేశారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మూడింటినీ వేర్వేరు అంశాలుగా చూడొద్దని, ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని విడదీస్తే ప్రజాస్వామ్యం ఉద్దేశమే దెబ్బతింటుందని. ఆ ఉపన్యాసం విరామ చిహ్నాల గురించి కాదు, నాకు తెలుసు. అయినా పీఠికను బోర్డు మీద రాసిన ప్రతిసారీ ఆ మాటలు నాకు అచ్చులో కనిపిస్తాయి. ఆ మూడు మాటల మధ్య చుక్కలు పెట్టి ఉంటే మూడు హామీలయ్యేవి. ఒకటి ఇచ్చి రెండు ఎగ్గొట్టినా వాక్యం మిగిలేది. సెమికోలన్లు పెట్టారు కాబట్టి ఏ ఒక్కదాన్ని లాగినా మొత్తం కదులుతుంది. గోదావరిఖని చౌరస్తాలో అంబేడ్కర్ జయంతినాడు పీఠిక చదువుతుంటే, చదివే గొంతు ఆ చోట్ల ఎలా ఆగుతుందో వింటాను నేను. చుక్క దగ్గర దిగినట్టు గొంతు దిగకూడదక్కడ.

చట్టాల వాక్యాలు మన ప్రాంతానికి బొగ్గుతోపాటే వచ్చాయి. 1871 ప్రాంతంలో జియొలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీని ఇంగ్లండ్‌లో రిజిస్టర్ చేశారు, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. నిజాం కొలువులో ఉర్దూ, ఇళ్లలో తెలుగు, గనిలో కాయితం మీద ఇంగ్లీషు. మస్టర్, హాలేజీ, సర్దార్, మజ్దూర్ అని ఎన్ని భాషల మాటలైనా నోట్లో కలిసిపోయాయి కానీ నిబంధనల వాక్యం మాత్రం కలవలేదు. 1952 గనుల చట్టం, 1957 బొగ్గు గనుల నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలు తెరిస్తే పేజీ నిండా సెమికోలన్లే.

వాటిలో ఒకటి మన ఆడపిల్లల దారికి అడ్డంగా ఏళ్ల తరబడి నిలబడింది. 1952 చట్టం 46వ సెక్షన్ స్త్రీలను గనుల్లో పనికి పెట్టడం గురించి రాసింది. పెట్టకూడదని మొదలుపెట్టి, రెండు అక్షరాలు వేసింది. ఏ: గనిలో నేల కింద ఉన్న ఏ భాగంలోనూ, అక్కడ సెమికోలన్. బీ: నేల మీద, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు తప్ప. ఈ 'తప్ప' ఎంతవరకు పారుతుందో చూడండి. రెండో ముక్కకే పరిమితం. సెమికోలన్ దాటి వెనక్కి పోలేదు. ఆ మినహాయింపు రెండింటికీ వర్తించేలా రాసి ఉంటే పగటిపూట ఆడవాళ్లు భూగర్భంలోకి దిగగలిగేవాళ్లు. చట్టం చేసినవాళ్ల ఉద్దేశం నిషేధమే, అందులో అనుమానం లేదు. ఆ ఉద్దేశాన్ని కాపలా కాసింది మాత్రం ఒక అక్షరం, దాని పక్కన చుక్క కింద కామా. 2019లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజరు స్థాయి పనులకు ఆడవాళ్లు పగటి వేళ భూగర్భంలోకి దిగొచ్చని సడలించేదాకా అది అలాగే ఉంది.

ఇలాంటి 'తప్ప' గొడవే అమెరికాలో ఒక రాష్ట్రాన్ని ఆరేళ్లు ఇబ్బంది పెట్టింది. మసాచుసెట్స్‌లో రాత్రి వేళ, ఆదివారం మద్యం అమ్మరాదని, హోటల్లో బస చేసినవాళ్లకు, భోజనానికి వచ్చినవాళ్లకు మాత్రం పోయవచ్చని చట్టం. 1875లో రాసినప్పుడు రెండు నిషేధాల మధ్య కామా ఉంది. తర్వాత చట్టాలను తిరగరాసినప్పుడు అది సెమికోలన్ అయింది. 1900లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సెమికోలన్‌నే ఖాయం చేసింది. అంటే హోటళ్లకిచ్చిన మినహాయింపు ఆదివారానికే, రాత్రివేళకు కాదు. బోస్టన్ హోటళ్లన్నీ రాత్రి పదకొండుకు సీసాలు మూసేశాయి. 1906లో చట్టం మార్చేవరకు అంతే.

మద్యం సంగతి చిన్నది. 1945లో నాజీ నాయకులను విచారించడానికి నాలుగు విజేత దేశాలు లండన్‌లో ఒప్పందం రాసుకున్నాయి. మానవజాతిపై నేరాలంటే ఏమిటో చెప్పే వాక్యంలో హత్యలు, బానిసలుగా పట్టుకుపోవడం వంటివి ఒకవైపు, జాతి మత రాజకీయ వేధింపులు ఇంకొకవైపు, నడుమ సెమికోలన్ ఉంది. ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాల్లో అలా ఉంటే రష్యన్ పాఠంలో కామా ఉంది. అక్టోబర్ 6న బెర్లిన్‌లో మళ్లీ కూర్చుని ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ మీద సంతకాలు చేసి సెమికోలన్‌ను కామాగా మార్చారు. సెమికోలన్ ఉంటే, నేరానికి యుద్ధంతో సంబంధం ఉండాలన్న షరతు వేధింపుల ముక్కకే తగులుతుంది. కామా పెట్టేసరికి ఆ షరతు మొత్తానికి పాకింది. యుద్ధానికి ముందు సొంత దేశంలో యూదుల మీద జరిగిన హింసలో చాలా భాగాన్ని ఆ న్యాయస్థానం తన పరిధిలోకి తీసుకోలేకపోయింది. ఒక గుర్తు మార్చడానికి నాలుగు దేశాల ప్రతినిధులు సంతకాలు పెట్టారంటే అది అచ్చుతప్పు దిద్దుబాటు కాదు.

మళ్లీ మా ఊరికి వస్తే, 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. నీళ్లు నిలిచే పాత పనిచోట్లకు ఎంత దగ్గరదాకా తవ్వొచ్చు, ఎవరి అనుమతి కావాలి అని చెప్పే నిబంధనలు అంతకుముందే పుస్తకంలో ఉన్నాయి. ఆ వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, 'ప్రొవైడెడ్ దట్' అంటూ మినహాయింపులు తగిలించుకుని ఉంటాయి. వాటిని పరీక్ష కోసం బట్టీ పట్టడం వేరు, ఏ మినహాయింపు ఏ ముక్కకు చెందుతుందో కన్నుతో పట్టుకోవడం వేరు. రెండోది చేతకావాలన్నదే నా పట్టుదల. నిబంధన చదవాల్సిన మనిషికి అది అర్థమై తీరాలి, అర్థం చెప్పేవాడి కోసం ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు.

ఈ గుర్తును మెచ్చుకుంటూ దాని దుర్గుణం దాచలేను. సాక్షి చేతిలో నిజాయితీగా ఉండే సెమికోలన్ మనసులో ఏదో పెట్టుకున్నవాడి చేతిలో విషమవుతుంది. ఒక మెమోలో ఇలా ఉందనుకోండి: 'హీ కేమ్ లేట్; ద రోప్ బ్రోక్ ఎట్ సెవెన్ టెన్.' అతను ఆలస్యంగా రావడానికీ రోప్ తెగడానికీ సంబంధం ఉందని రాసినవాడు అనలేదు. నిలదీస్తే నేననలేదే అంటాడు. అనకుండానే చదివేవాడి మెదడులో అనిపించాడు. 'బికాజ్' అని రాసి ఉంటే రుజువు చూపించమని అడగొచ్చు. సెమికోలన్‌ను ఏమని అడుగుతాం? అందుకే క్లాసులో ఒక అలవాటు నేర్పుతాను. రెండు నిజాలను పక్కపక్కన పెట్టేముందు, పక్కన పెట్టగల మూడో నిజం ఏదైనా నీకు తెలుసా అని అడుగుతాను. ఆ రోప్ మార్చాల్సిన గడువు దాటిపోయిందని తెలిసీ ఆలస్యాన్ని మాత్రమే పక్కన పెడితే, వ్యాకరణం నిక్కచ్చిగా ఉన్నా రాసింది అబద్ధమే. సెమికోలన్ సరిగ్గా వాడటమంటే నాకు ఇది కూడా. వ్యాకరణ పుస్తకంలో ఈ పాఠం ఉండదు.

ఐదువందల ఏళ్లకు పైబడిన గుర్తు ఇది. వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు 1490లలో దీన్ని అచ్చులోకి తెచ్చాడు. పియెత్రో బెంబో అనే యువ పండితుడు రాసిన చిన్న పుస్తకంలో అది కనిపించింది, అచ్చు దిమ్మలు చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. ఆ పుస్తకం ఎట్నా అగ్నిపర్వతం ఎక్కివచ్చిన కొడుకు తండ్రితో జరిపిన సంభాషణ. నేల కింద నిప్పు ఎలా ఉంటుంది, ఎందుకు మండుతుంది అని ఇద్దరూ మాట్లాడుకుంటారు. బొగ్గు తనంత తాను వేడెక్కి అంటుకునే గనుల పక్కన పుట్టిన నాకు ఈ సంగతి తెలిసినప్పుడు, ఆ గుర్తు మా ఇంటి చుట్టం అనిపించింది. రాత్రి షిఫ్టు దిగివచ్చి మా బాపు అన్నం తింటూ లోపలి వేడి గురించి అమ్మకు చెప్పేవాడు, మధ్యమధ్య ఆగేవాడు. ఆగిన చోట సంగతి ముగిసేది కాదు. ముద్ద మింగాక అక్కణ్నుంచే మొదలయ్యేది.

తెలుగులో తాటాకుల మీద పదానికీ పదానికీ ఎడం కూడా ఉండేది కాదు, విరామాలన్నీ చదివేవాడి గొంతులో ఉండేవి. అచ్చుయంత్రంతో వచన పుస్తకాలు పెరిగాక కామాలు, చుక్కలు, సెమికోలన్లు వచ్చాయి. కందుకూరి వీరేశలింగం కాలపు పుస్తకాలు తిరగేస్తే సెమికోలన్లు విరివిగా కనిపిస్తాయి. ఈనాటి పత్రికల్లో ఆ గుర్తు దొరకడం అరుదు, పొట్టి వాక్యాలు దాన్ని తోసేశాయి. దాన్ని మళ్లీ తెలుగులోకి లాక్కురావాలని నేను అనను. మన సమాపక క్రియకు ఆ బలం ఉంది, కామాతో గడుస్తుంది. అయినా కొన్ని చోట్ల, రెండు నిజాలు బరువులో సమానమై దేన్నీ తగ్గించలేని చోట్ల, నా కలం దానికోసం చేయి చాస్తుంది.

మొన్న మైనింగ్ డిప్లొమా చదివిన అమ్మాయి ఒకామె ఇంటర్వ్యూ కోసం తన గురించి నాలుగు ముక్కలు రాసుకుని తెచ్చింది. "సార్, జర చూడున్రి" అంటూ కాయితం చేతికిచ్చి పక్కన నిలబడింది. తండ్రి ముప్పై ఏళ్లుగా భూగర్భంలో పనిచేస్తున్నాడు, తను ఆ చోటు ఎప్పుడూ చూడలేదు. ఈ రెండింటి మధ్య ఆమె 'బట్' రాసింది. "బట్ ఎందుకు బిడ్డా, నీకు కోపముందా?" అన్నాను. లేదంది. 'సో' వేసి చూసింది. అది అబద్ధమంది, తండ్రి పనిచేయడం వల్ల తను చూడకపోవడం కాదు కదా. చుక్క పెట్టి చూసింది, రెండు వాక్యాలూ చల్లబడ్డాయంది. చివరికి సెమికోలన్ పెట్టి పైకి చదివింది: 'మై ఫాదర్ హాజ్ వర్క్‌డ్ అండర్‌గ్రౌండ్ ఫర్ థర్టీ ఇయర్స్; ఐ హావ్ నెవర్ సీన్ ద ప్లేస్.' వాళ్లు ఎందుకు చూడలేదని అడిగితే ఏం చెబుతావన్నాను. "అడగాలనే కద సార్ గట్ల రాసింది. 46వ సెక్షన్ కాడికెల్లి మొదలువెట్టి చెప్త" అంది. ఇప్పుడు ఓవర్‌మన్ పరీక్షకు 2017 నిబంధనలు చదువుతోంది. ఏ సెమికోలన్ తర్వాత 'అండ్' ఉంది, ఏ సెమికోలన్ తర్వాత 'ఆర్' ఉంది అని రెండు రంగుల పెన్నులతో గీతలు పెట్టుకుంటోంది. 'అండ్' ఉన్నచోట షరతులన్నీ తీరాలి, 'ఆర్' ఉన్నచోట ఏ ఒక్కటి తీరినా చాలు. నాలుగో అధ్యాయం దాకా వచ్చింది.